మూడు నెలల షిట్జు పప్పీ: ప్యాడ్ పక్కనే ఉన్నా డోర్‌మ్యాట్ మీదే సుస్సు పోస్తోంది, ఎలా మాన్పించాలి?

చిట్టివాళ్ళమ్మ

అందరికీ నమస్తే. మా చిట్టి షిట్జు, ఆడపిల్ల, మూడు నెలలు నిండాయి. మా ఇంటికొచ్చి నెల కావస్తోంది. తిండి బాగానే తింటుంది, బాగా ఆడుతుంది, పేరు పెట్టి పిలిస్తే చెవులు ఎగరేసుకుంటూ పరుగెత్తుకొస్తుంది. సమస్యంతా సుస్సు దగ్గరే.

హాల్లో రెండు మూలలా, బాల్కనీ తలుపు దగ్గరా ప్యాడ్‌లు (సుస్సు పీల్చుకునే మెత్తటి షీట్లు) వేశాం. ఒక్కోసారి తనంతట తానే వెళ్లి చక్కగా ప్యాడ్ మీద పోస్తుంది. హమ్మయ్య, వచ్చేసింది అనుకుంటాం. కాసేపటికే బెడ్‌రూమ్ గుమ్మం దగ్గర డోర్‌మ్యాట్ తడిసి ఉంటుంది. ఆ మ్యాట్ అంటే దానికి ఎంత ఇష్టమో! నిన్న సాయంత్రం అయితే నా కళ్ల ముందే ప్యాడ్ దాకా వెళ్లింది. ముందు కాళ్లు రెండూ ప్యాడ్ మీద పెట్టింది, వెనక కాళ్లు టైల్స్ మీదే ఉన్నాయి. అలాగే కూర్చుని నేల మీద పోసేసి, ఏదో ఘనకార్యం చేసినట్టు తోక ఊపుకుంటూ నా దగ్గరికొచ్చింది.

టీకాలు పూర్తయ్యేదాకా బయట నేల మీద దింపొద్దని డాక్టర్ గారు చెప్పారు, కాబట్టి కిందికి తీసుకెళ్లే వీలు లేదు. తడిసిన చోట ముక్కు రాసి రెండు తగిలిస్తే బుద్ధి వస్తుందని అత్తయ్య అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. సాయంత్రం నుంచి నీళ్లు ఆపేయమని ఇంకొకరు చెప్పారు. అసలు ఇది కావాలనే చేస్తోందా? చిన్న జాతి కుక్కలకి ఇది ఎప్పటికీ రాదని కూడా కొందరు అంటుంటే టెన్షన్‌గా ఉంది. చిన్న జాతి కుక్కల్ని పెంచినవాళ్లు కాస్త వివరంగా చెప్పరూ?

లక్కీ నాన్న

మాది పొమెరేనియన్ అండీ. టెన్షన్ పడకండి, మాకూ ఆర్నెల్లు దాటాకే పూర్తిగా కుదిరింది. లేవగానే ఒకసారి, తిన్నాక ఒకసారి, ఆడాక ఒకసారి ఎత్తుకెళ్లి ప్యాడ్ మీద దించండి. ఫోన్‌లో అలారం పెట్టుకోండి. సాయంత్రం ఏడు తర్వాత నీళ్ల గిన్నె తీసేస్తే రాత్రి గొడవ ఉండదు. అంతకుమించి పెద్ద విషయం ఏమీ లేదు.

గంపలో పిల్లలు

చిట్టివాళ్ళమ్మ గారూ, సొంత ఇల్లు దొరికేదాకా కుక్కపిల్లల్ని మా ఇంట్లో ఉంచుకుని సాకుతుంటాను. ఎక్కువగా చిన్న జాతులే వస్తాయి: షిట్జు, మాల్టీస్, డాక్స్‌హండ్, అప్పుడప్పుడూ చివావా. వాటిని దగ్గరుండి చూసి నేర్చుకున్నది రాస్తున్నాను. కొంచెం పెద్దదవుతుంది, తీరిగ్గా చదవండి.

ముందు మీ చివరి భయం గురించి. చిన్న జాతులకి రాదన్నది నిజం కాదు. వాటికీ మిగతా కుక్కలకున్నంత బుర్ర ఉంది. తేడా మన దగ్గరే వస్తుంది. ల్యాబ్రడార్ పిల్ల హాల్లో పోసిందంటే ఇంట్లో వాళ్లంతా లేచి నిలబడతారు, ఆ రోజు నుంచే శిక్షణ మొదలవుతుంది. చిట్టి లాంటిది పోసేది రెండు చెంచాలు. టిష్యూతో అద్దేసి మర్చిపోతాం. సోఫా వెనక పోసింది అసలు కంటపడనే పడదు. అలా చూసీచూడనట్టు పోయిన ప్రతిసారీ అక్కడ పోయడం దానికి మామూలైపోతుంది. చిన్న కుక్క మొండిదన్న పేరు చాలావరకు ఇలాగే వచ్చిందని నా గట్టి నమ్మకం.

రెండోది, దాని ఎత్తులో నుంచి మీ ఇంటిని చూడండి. ఒకసారి నిజంగానే నేల మీద పడుకుని, గడ్డం టైల్స్‌కి ఆనించి చూడండి. హాలు చివర మూలనున్న ప్యాడ్ కనబడుతుందా? మధ్యలో టీపాయ్ కాళ్లు, కుర్చీ కాళ్లు, బండెడు చెప్పులు. రెండు కిలోల పిల్లకి ఆ హాలు ఓ మైదానం. పైగా పప్పీకి సుస్సు వస్తోందని తెలిసేసరికే ఆఖరి నిమిషం. అంత దూరం గుర్తుపెట్టుకుని నడిచే వ్యవధి ఎక్కడుంది? దగ్గర్లో కాలికి మెత్తగా ఏది తగిలితే అక్కడ కూర్చుంటుంది. మెత్తటి ప్యాడ్ మీద పోయడం మనమే నేర్పాం కదా, డోర్‌మ్యాట్ కూడా దానికి ఇంకో ప్యాడ్డే. కావాలని చేసే పని కానే కాదు. అందుకే ఈ రోజే చేయాల్సింది ఇంట్లో మ్యాట్లు, కాళ్లు తుడుచుకునే బట్టలు, బాత్రూమ్ రగ్గు అన్నీ ఎత్తేయడం. చిట్టికి అలవాటు గట్టిపడ్డాక మళ్లీ వేసుకోవచ్చు.

ముందు కాళ్లు ప్యాడ్ మీద పెట్టిందన్నారు చూడండి, అది చదివి నాకు చాలా సంతోషమేసింది. విషయం దానికి అర్థమైపోయింది. ముందు కాళ్ల కింద ప్యాడ్ తగిలితే చాలు, ఒళ్లంతా ప్యాడ్ మీదే ఉందనుకుంటుంది. వెనక ఎంత ఒళ్లుందో ఈ వయసు పిల్లలకి సరిగ్గా తెలియదు. రెండు ప్యాడ్‌లు అంచులు కలిసేలా పరిచి టేపు వేయండి. లేదా తక్కువ అంచున్న వెడల్పాటి ట్రేలో ప్యాడ్ పెట్టండి. అంచు దాటి లోపలికి అడుగుపెట్టాలి కాబట్టి నాలుగు కాళ్లూ లోపలికి వస్తాయి. అంచు మరీ ఎత్తుగా ఉంటే చిట్టి ఎక్కలేదు, చూసి కొనండి.

ఇప్పుడు అసలు సంగతి. చిట్టికి ఇల్లంతా వదిలేయకండి. మడిచే కంచెలు, ప్లే పెన్‌లు దొరుకుతాయి. ఒకటి తెచ్చి మీరు ఎక్కువసేపు కూర్చునే చోటే వేయండి. ఓ కొసన పరుపు, నీళ్లు. రెండో కొసన ప్యాడ్. కుక్కలు పడుకునే చోటుకి ఎడంగానే పోయాలని చూస్తాయి కాబట్టి మిగతాది దానంతటదే కుదురుకుంటుంది. మొదట్లో పరుపు తప్ప మిగతా నేలంతా ప్యాడ్‌లు పరిచేసినా ఫర్వాలేదు. ఎక్కడ ఎక్కువగా పోస్తోందో చూసి, పొడిగా ఉన్నవి ఒక్కొక్కటే తీసేయండి. కంచె బయట ఉన్నంతసేపూ మాత్రం ఎవరో ఒకరు కళ్లలో వత్తులేసుకుని చూడాల్సిందే. ఇంట్లో పని చేసుకుంటూ చూడడం కష్టమైతే తేలికపాటి లీష్ కట్టి, రెండో కొస మీ నడుముకి కట్టుకోండి. ఆడుతున్నది టక్కున ఆగి, ముక్కు నేలకి ఆనించి గిర్రున తిరగడం మొదలుపెట్టిందంటే, లేదా ఉన్నట్టుండి మనకి కనబడని వైపు నడిచిందంటే, వెంటనే ఎత్తుకుని ప్యాడ్ దగ్గరికి వెళ్లిపోండి.

వేళల సంగతి లక్కీ నాన్న గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నిద్ర లేవగానే, తిన్న కాసేపట్లో, ఆట మధ్యలో, పడుకోబోయే ముందు. పప్పీ ఆపుకోగల సమయానికి ఒక లెక్క చెబుతారు: వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపితే వచ్చినన్ని గంటలు. ఆ లెక్కన చిట్టికి నాలుగు గంటలు రావాలి. కానీ అది గరిష్ఠం, అదీ కదలకుండా నిద్రపోతున్నప్పటి మాట. మెలకువగా ఉండి గెంతుతుంటే, అందులోనూ ఇంత చిన్న జాతికి, గంటకోసారి ప్యాడ్ దగ్గరికి తీసుకెళ్లడం ఎక్కువేం కాదు.

నీళ్ల విషయంలో మాత్రం లక్కీ నాన్న గారితో నేను ఒప్పుకోలేను, ఏమనుకోకండి. సాయంత్రం నుంచే ఆపేయడం ఇంత చిన్న పిల్లకి మంచిది కాదు. పడుకునే ముందు గంటో రెండు గంటలో గిన్నె తీసేస్తే ఫర్వాలేదు. అదీ పగలంతా కావలసినన్ని నీళ్లు తాగి, ఆరోగ్యంగా ఉన్న పిల్ల అయితేనే. తిండి మాత్రం అస్సలు తగ్గించొద్దు. చిన్న జాతి పిల్లలకి ఒంట్లో నిల్వలు తక్కువ, ఒక పూట తిండి తప్పినా రక్తంలో చక్కెర పడిపోవచ్చు. తూలడం, వణకడం, నీరసంగా పడిపోవడం కనిపిస్తే అది అత్యవసరం కిందే లెక్క, వెంటనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. రోజుకి మూడు నాలుగు సార్లు కొంచెం కొంచెంగా, రోజూ ఒకే వేళకి పెట్టండి. వేళకి తింటే పాటీ కూడా వేళకే వస్తుంది.

మెచ్చుకోవడంలో ఒక చిన్న కిటుకు ఉంది. చిన్న కుక్కలు ఇట్టే ఉబ్బితబ్బిబ్బైపోతాయి. అది పోస్తుండగానే మనం 'గుడ్ గర్ల్' అని అరిస్తే, సగంలో ఆపేసి మన దగ్గరికి పరుగెత్తుకొస్తుంది. మిగతా సగం కాసేపటికి హాల్లో పోస్తుంది. ఇప్పుడే కదా ప్యాడ్ మీద పోసింది, మళ్లీ ఇక్కడెందుకు పోసిందని మనం తల పట్టుకుంటాం. పూర్తిగా పోసి లేచేదాకా ఊపిరి బిగబట్టి నిలబడండి. లేచిన మరుక్షణం, ప్యాడ్ దగ్గరే, గోరంత ముక్క నోట్లో పెట్టండి. వంటింట్లోకి వెళ్లి డబ్బా తీసి తెచ్చేలోపు దేనికి ఇచ్చారో దానికి తెలియకుండా పోతుంది. జేబులో పెట్టుకునే ఉండండి.

అత్తయ్య గారికి ఇది చదివి వినిపించండి. ముక్కు రాస్తే, కొడితే అది నేర్చుకునేది 'ఇక్కడ పోయకూడదు' అని కాదు, 'మనుషులు చూస్తుండగా పోయకూడదు' అని. దెబ్బలు తిన్న పిల్లలు మా ఇంటికి వచ్చినప్పుడు చూస్తుంటాను. ప్యాడ్ మీద దించి ఎంతసేపు నిలబడినా పోయవు. మనం అటు తిరగగానే మంచం కిందికి దూరి అక్కడ పోస్తాయి. వాటి భయం పోగొట్టడానికి పట్టే ఓపికతో పోలిస్తే ప్యాడ్ నేర్పడం ఎంతో సులువు. 'తప్పు చేశానని దానికి తెలుసు, మొహం చూడండి' అని కూడా అంటారు. 2009లో అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే పరిశోధకురాలు దీన్నే పరీక్షించారు. తినొద్దన్న ముక్కను తిన్న కుక్కలూ, తినని కుక్కలూ యజమాని తిట్టగానే ఒకేలా తప్పు చేసినట్టు మొహం పెట్టాయి. ఏ తప్పూ చేయనివే ఇంకాస్త ఎక్కువగా పెట్టాయి. ఆ మొహం మన కోపానికి జవాబు, అంతే. మీ కళ్ల ముందే పోస్తుంటే నెమ్మదిగా ఎత్తుకుని ప్యాడ్ మీద దించండి. అయిపోయాక చూస్తే ఏమీ అనకుండా శుభ్రం చేసేయండి.

శుభ్రం అంటే ఫినాయిల్ కాదండీ. ఆ వాసన మన ముక్కుకి మూత్రం వాసనను కప్పేస్తుంది కానీ దాని ముక్కుకి కాదు. పైగా తడి నేల మీద నడిచి పాదాలు నాకుతుంది. అమోనియా ఉన్న క్లీనర్లు కూడా వద్దు, వాటిది మూత్రాన్ని పోలిన వాసనే. బ్లీచ్ అయితే మూత్రంతో కలిసి ఘాటైన వాయువు వస్తుంది. పెంపుడు జంతువుల మరకల కోసం ఎంజైమ్ క్లీనర్లని అమ్ముతారు, అవి తెచ్చుకోండి. ముందు టిష్యూతో గట్టిగా అద్ది తడి తీసేయండి. తర్వాత మరక కంటే కాస్త వెడల్పుగా క్లీనర్ పోసి, సీసా మీద రాసినంతసేపు వదిలేయండి. ఎంజైములు పని చేయడానికి వ్యవధి కావాలి. పోసి వెంటనే తుడిచేస్తే డబ్బు దండగ. ఎత్తేసిన డోర్‌మ్యాట్‌ని కూడా దాంట్లో నానబెట్టి ఉతకండి.

చిట్టివాళ్ళమ్మ

ఇంత ఓపిగ్గా రాసినందుకు ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. పొద్దున్నే మ్యాట్లన్నీ తీసేశాం. అత్తయ్య మీ పోస్టు మొత్తం విని, 'మరి కొట్టకూడదన్నమాట' అన్నారు. ఇప్పుడు ట్రే ఎక్కడ దొరుకుతుందో ఆవిడే వెతుకుతున్నారు.

ఇంకో రెండు అడగొచ్చా? మావారు ఆఫీసు నుంచి రాగానే చిట్టి ఎదురెళ్లి, ఆయన వంగి తల నిమరబోతే చాలు, చుక్కలు చుక్కలుగా పోసేస్తుంది. అప్పుడే ప్యాడ్ మీద పోసి వచ్చినా సరే. దీనికీ ప్యాడ్ శిక్షణే మందా? ఇంకొకటి, రెండు రోజులుగా వెంటవెంటనే వెళ్తోంది. ఒకసారి పోసి రెండు నిమిషాలు కాకుండానే మళ్లీ కూర్చుంటుంది, వచ్చేది మాత్రం కొంచెమే.

స్నోయీ ఇంటి నుంచి

రెండో దాని గురించి నేను చెబుతాను, ఎందుకంటే మా మాల్టీస్‌కి అచ్చం ఇలాగే అయింది. వెంటవెంటనే కూర్చోవడం, కొంచెం కొంచెం రావడం మూత్రంలో ఇన్ఫెక్షన్ లక్షణాలు కావచ్చు. ఆడపిల్లల్లో ఇది ఎక్కువ. ముక్కుతూ కూర్చుంటోందా, అక్కడ పదేపదే నాక్కుంటోందా, ప్యాడ్ మీద గులాబీ రంగు మరక ఉందా చూడండి. తెల్ల ప్యాడ్ అయితే రంగు బాగా తెలుస్తుంది. ఇవేవీ లేకపోయినా రేపే డాక్టర్‌కి చూపించండి. నిద్రలో కూడా పరుపు తడుస్తుంటే అది తప్పకుండా చెప్పండి, కొందరు ఆడపిల్లలకి మూత్రనాళం పుట్టుకతోనే తప్పు చోట కలిసి ఉంటుంది, అప్పుడు నిద్రలోనూ కారుతూనే ఉంటుంది.

మూత్రం శాంపిల్ తెమ్మంటే కంగారు పడకండి. ఇంత కిందికి కూర్చునే కుక్క కింద గిన్నె పట్టడం కుదరదు. కడిగి ఆరబెట్టిన పల్చటి సీసా మూత, లేదా పొడవు పిడి ఉన్న చదునైన గరిటె వెనక నుంచి మెల్లగా జార్చండి. మొదటి చుక్కలు వదిలేసి తర్వాతవి పట్టండి. వెంటనే తీసుకెళ్లలేకపోతే ఫ్రిజ్‌లో పెట్టండి. మీకు కుదరకపోతే డాక్టర్లే తీసుకుంటారు. మా దానికి మందుల కోర్సు పూర్తయ్యేసరికి 'మర్చిపోయిన' ప్యాడ్ మళ్లీ గుర్తొచ్చింది. రోగం ఉన్నప్పుడు శిక్షణ ఎంత ఇచ్చినా ఎక్కదు.

గంపలో పిల్లలు

స్నోయీ వాళ్లు చెప్పింది ముందు చేయండి. మిగతావన్నీ దాని తర్వాతే.

మీవారు వచ్చినప్పుడు పోసేది శిక్షణకి సంబంధించింది కాదు. కొన్ని పిల్లలు సంతోషం పట్టలేక పోస్తాయి. కొన్ని పైనుంచి వంగిన పెద్ద మనిషిని చూసి 'నేను చిన్నదాన్ని, ఏమనకు' అని చెప్పడానికి పోస్తాయి. రెండో రకమైతే చెవులు వెనక్కి వాలతాయి, ఒళ్లు నేలకి అణుగుతుంది, ఒక్కోసారి వెల్లకిలా పడుకుంటుంది. రెండింటికీ చేయాల్సింది ఒకటే. మీవారు రాగానే చిట్టిని పలకరించకుండా, దాని వైపు చూడకుండా నేరుగా లోపలికి వెళ్లిపోవాలి. కాసేపటికి చిట్టి కుదుటపడ్డాక, ఆయన నేల మీద పక్కకి తిరిగి కూర్చుని, తల మీద కాకుండా గడ్డం కిందా ఛాతీ మీదా నిమరాలి. అంత దూరం పరుగెత్తి వచ్చిన పిల్లని చూడకుండా వెళ్లిపోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ తిడితే రెండో రకం ఇంకా పెరుగుతుంది. చాలా పిల్లలు ఏడాది నిండేలోపు దీన్ని వదిలేస్తాయి.

రాత్రి సంగతి మీరు అడగలేదు కానీ చెబుతాను. చిట్టిని మీ మంచం పక్కనే, నిలబడి, తిరిగి, కాళ్లు చాపుకునేంత క్రేట్‌లో (కుక్కల కోసం అమ్మే పెట్టె లాంటి గూడు) పడుకోబెట్టండి. మరీ పెద్దదైతే ఓ మూల పోసి ఇంకో మూల పడుకుంటుంది. అర్ధరాత్రి కుంయ్ మంటే లేచి, లైటు వేయకుండా, మాట్లాడకుండా ప్యాడ్ మీద దించి, కాగానే మళ్లీ పడుకోబెట్టేయండి. ఆటలు ముద్దులు మొదలయ్యాయంటే రేపటి నుంచి ఆటకోసమే లేపుతుంది.

టీకాల మాటకొస్తే డాక్టర్ గారు చెప్పింది అక్షరాలా పాటించండి. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది, పిల్లలకి ప్రాణాంతకం. ఈ వరస టీకాల్లో ఆఖరిది సాధారణంగా పదహారు వారాలకి గానీ ఆ తర్వాత గానీ పడుతుంది. అది పడ్డాక ఎప్పుడు దింపొచ్చో ఆయననే అడగండి. ఈలోపు చేతుల్లో ఎత్తుకుని బయట తిప్పి వాహనాల చప్పుళ్లు, కొత్త మనుషులు, ఎండ, గాలి అలవాటు చేయండి. అప్పుడు కిందికి దించిన రోజు బెదిరిపోయి పోయడం మానేయదు.

ప్యాడ్‌ని హాల్లో నుంచి బాల్కనీకి మార్చాలనుకుంటే ఒకేసారి తీసుకెళ్లి పెట్టకండి. రోజూ ఒక జానెడు జరపండి. ఎక్కడైనా తప్పిందంటే, కిందటిసారి సరిగ్గా పోసిన చోటికి వెనక్కి తెచ్చి నాలుగు రోజులు అక్కడే ఉంచండి. గుమ్మం దాటించేటప్పుడు మాత్రం ఆగాల్సి వస్తుంది, ఆ గట్టు దగ్గర చాలా పిల్లలు తడబడతాయి. సగం లోపల, సగం బయట ఉండేలా వేసి కొన్నాళ్లు వదిలేయండి. కొత్త ప్యాడ్ కింద, వాడిన ప్యాడ్ నుంచి కత్తిరించిన చిన్న ముక్క పెడితే ఆ వాసనే దారి చూపిస్తుంది. బాల్కనీ కమ్మీల మధ్య సందు చిట్టి తల పట్టేంత ఉంటే ముందు వల కట్టించండి, ఆ తర్వాతే తలుపు తీయండి.

డాక్టర్ ఏమన్నారో రేపు ఇక్కడ రాయండి.